ఓడలరేవు రూటుకు బండి

కామరాజు బస్సు వెనకద్దం మీద పేరుకున్న మసిని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మెడ వెనక చర్మం ఎండకు కమిలి గరుకుదేలింది. ఎంత ఉతికినా ఖాకీ చొక్కాకు డీజిలు వాసన పోదు. అమలాపురం, ఓడలరేవు మధ్య బడి బస్సు తోలడం తప్ప అతను చేసిందేమీ లేదని అందరూ అనుకుంటారు. అతనూ అలాగే అనుకునేవాడు.

వెనక సీట్లలో పిల్లలు ముక్కు మూసుకుని కూర్చోవడం రోజూ అద్దంలో చూసేవాడు. ఉబ్బసం ఉన్న కౌముది బడి దగ్గర దిగేసరికి ఎగశ్వాసతో నిలబడిపోయేది. ఎన్ని రిపేర్లు చేయించినా బండి పొగ మానలేదు. చివరికి ఈ వేసవిలో రోడ్డెక్కడానికి కావాల్సిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దానికి రాలేదు. కొత్తది కొనే స్తోమత బడికి లేదు. జూన్‌లో బడి తెరిచే రోజు ఒక్క ట్రిప్పు తోలి, కొత్తగా చేరిన డ్రైవరు లక్ష్మీతులసికి బండి అప్పగించి, వయసు మీదపడ్డ కామరాజు పని మానేస్తాడు. ఈలోగా పాతబస్సొకటి చూసుకోవాలి. హెడ్మిస్ట్రెస్ శారద అతన్ని వెంటబెట్టుకుని మండపేట వెళ్లింది.

పాత బస్సులమ్మే వ్యాపారి సాయిదుర్గాప్రసాద్ తన షెడ్డులో పసుపురంగు మెరిసిపోతున్న బండి చూపించాడు.

"పొగ పరీక్ష నిన్ననే చేయించేనండీ మేడంగారూ. కాయితం ఇదిగోనండి."

కామరాజు ఇంజను బాగా వేడెక్కేదాకా ఆగి, యాక్సిలరేటరును నేలకంటా తొక్కాడు. వెనక నిలబడ్డ శారద పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నల్లటి పొగ షెడ్డు రేకుల దాకా లేచింది.

"అంత తొక్కితే ఏ బండైనా వదులుద్దండీ," అన్నాడు వ్యాపారి.

"పిల్లల్నెక్కించుకుని వంతెన ఎక్కాలంటే అంతా తొక్కాలండి."

"ఇది వదిలేస్తే బడి తెరిచేలోగా మీకు ఇంకోటి దొరకదండి. ఆపైన మీ ఇష్టం."

శారద కామరాజు వైపు తిరిగింది. "ఏం చేద్దామండీ?"

పెద్దవాళ్లు ఏం చెప్పినా 'ఆయ్' అని తలూపడమే అతనికి అలవాటు. ఈసారి ఇంజను ఆపేసి కిందికి దిగాడు.

"వద్దండి మేడంగారూ," అన్నాడు. "కౌముది పాప ఇందులో కూర్చోలేదండి."

"అయితే వద్దు," అంది శారద.

వెళ్లిపోబోతూ షెడ్డు చివర రంగు వెలిసిన బస్సు దగ్గర అతను ఆగాడు. పక్క రేకు సొట్టపడింది. "చూపుకి ఆనదని మీకు చూపించలేదండి," అన్నాడు వ్యాపారి. కామరాజు దాన్నీ వేడెక్కించాడు, అలాగే తొక్కాడు. పొగ కనపడీ కనపడనట్టుంది. అయినా ఒప్పుకోకుండా రోడ్డు మీద పొగ పరీక్ష చేసే వ్యాన్ దగ్గరికి తోలాడు. అక్కడ పనిచేసే నాగవల్లి బస్సు పొగగొట్టంలోకి యంత్రం పైపు దూర్చింది.

"ఇంకోసారి తొక్కండి బాబాయిగారూ."

తొక్కిన ప్రతిసారీ తెరమీద అంకె కిందే నిలిచింది.

"ఉండొచ్చన్నదాంట్లో సగం కూడా లేదండీ. పాస్!"

కామరాజు దిగొచ్చి తెర చూసి పకపకా నవ్వాడు. శారద రోడ్డు మీదే చప్పట్లు కొట్టింది. అతను అంత గట్టిగా నవ్వగలడని ఆమెకు ఇన్నేళ్లలో తెలియదు.

బడి తెరిచిన రోజు ఓడలరేవులో ఆ సొట్టబస్సే పిల్లలతో నిండింది. కౌముది కావాలని చివరి సీట్లో కూర్చుంది. దారంతా వెనక నుంచి కబుర్లు వినిపిస్తూనే ఉన్నాయి. బడి గేటు దగ్గర ఆ పిల్ల అందరికన్నా ముందు దూకి, గంట మోగక ముందే లోపలికి పరుగెత్తింది. ఆ పరుగును కామరాజు తలుపు దగ్గర నిలబడి కళ్లారా చూశాడు. తర్వాత తాళాలు లక్ష్మీతులసి చేతిలో పెట్టాడు.

"వస్తానమ్మా. బండి మంచిది."

ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. లక్ష్మీతులసి డ్రైవరు సీటు దగ్గరికి వెళ్లింది. సీటు మీద అతను వదిలి వెళ్లిన, కొబ్బరిపీచు కూరిన పాత మెత్త ఉంది, మధ్యలో పల్లం పడి, ఇంకా వెచ్చగా.