బండారిలో కుట్టిన చుక్క

సంధ్యారాణికి మొగుడి మీద అనుమానం ఏ కోశానా లేదు. ఉన్నదల్లా బెంగ. పరమేశ్ అంతకుముందు పనిచేసిన రంగుల మిల్లు తగలబడినప్పుడు, ఆయన లోపలున్నాడో బయటపడ్డాడో తెలియక పొద్దూకేదాకా రోడ్డు మీద నిలబడింది. ఆయన వెనక గోడ దూకి ఎప్పుడో బతికిపోయాడు. ఆ సంగతి ఈమెకు చెప్పే దిక్కే లేకపోయింది. ఆ రోజు భయం ఆమెను ఇంకా వదల్లేదు.

అందుకే ఆయన సచిన్ అనే పారిశ్రామిక వాడలోని కెమికల్ కంపెనీలో చేరగానే, తాళంచెవులకు తగిలించుకునే బిళ్ల ఒకటి కొన్నది. చుట్టుపక్కల మనుషుల ఫోన్ల సాయంతో, అదెక్కడుందో ఈమె ఫోన్‌లో నీలం చుక్కగా కనిపిస్తుంది. దాన్ని కొమురవెల్లి మల్లన్న గుడి పసుపు బండారితో కలిపి నల్లగుడ్డలో కుట్టి, తాయెత్తని చెప్పి ఆయన మెడలో కట్టింది. దేవుడి పేరెత్తితే ఎదురు చెప్పే మనిషి కాదు పరమేశ్.

ఇక వాళ్లు వలసొచ్చి ఉంటున్న డిండోలిలో ఇంట్లో కూర్చుని కూలికి చీరల దారాలు కత్తిరిస్తూ, మధ్యమధ్య ఫోన్ చూసుకునేది. చుక్క దారిలోని భేస్తాన్ దాటేది, కంపెనీ గేటు దగ్గర ఆగేది. లోపల ఫోన్లుండవు కాబట్టి ఆపైన కదిలేది కాదు. అయినా ఆ చుక్క మీద వేలు పెడితే ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది. పిచ్చి అంటారా, అనుకోండి.

ఓ సాయంత్రం అన్నం తింటూ పరమేశ్ చెప్పాడు.

"రేపటిసంది నన్ను అగ్గి అంటుకునే సాల్వెంట్ల గోదాంల ఏసిండ్రు. ఆడ ఫోన్ ఎప్పటిలెక్కనే బంద్, వాచీ బంద్, తాళంచెవులకు పెట్టుకునే బిళ్లలు గూడ బంద్."

"గంత చిన్న బిళ్లతోని ఏమైతది?"

"అండ్ల బ్యాటరీ ఉంటది, రేడియో ఉంటది. ఆవిర్లు లేసే తాన చిన్న నిప్పురవ్వ చాలంట. నిప్పు పుట్టకుండ చేసిన బిళ్లను కంపెనీయే ఇస్తది. మేమేడున్నమో దాంతోని వాళ్లకు కనిపిస్తది."

సంధ్యారాణి ఆయన మెడలోని తాయెత్తు వైపు చూసింది. నిజం చెబితే చుక్క పోతుంది. పొద్దున చెబుదాంలే అనుకుంది. పొద్దున ఆయన చెప్పులేసుకుంటుంటే అన్నం డబ్బా మాత్రం చేతికిచ్చింది. గేటు దగ్గర ఎట్లాగూ తీయిస్తారని తనకు తాను సర్దిచెప్పుకుంది.

ఆయన వెళ్లాక దారం కత్తిరించబోతూ ఆగిపోయింది. దేవుడి తాయెత్తును ఏ గార్డు తీయిస్తాడు? తీయమన్నా ఆయన తీస్తాడా? ఫోన్ చేసింది, స్విచాఫ్. చేతిలో కత్తెర చేతిలోనే ఉంది, ఆటో ఎక్కేసింది.

తాయెత్తులో బిళ్ల ఉందని గేటు దగ్గర తనకొచ్చిన హిందీలో చెప్పేసరికి గార్డు ముఖం పాలిపోయింది. గోదాంకు కబురు పెట్టి, తన గదిలోని తెర వైపు చూశాడు. కంపెనీ ఇచ్చిన బిళ్లలన్నీ అందులో పచ్చటి చుక్కలు. పరమేశ్ ఏదని అడిగింది. వేలు పెట్టి చూపించాడు. గోదాం గీతకు లోపలున్న చుక్క.

చూస్తూ నిలబడింది. మల్లన్నా, ఈ ఒక్కసారి, అని మొక్కుకుంది. చుక్క కదిలింది. గీత దాటి గేటు వైపు వచ్చింది.

పరమేశ్ రాగానే ఆమె ఆయన మెడలో దారం కత్తిరించి, గుడ్డ విప్పి, పసుపు అంటిన బిళ్ల చూపించింది.

"నా మీద నిఘా పెట్టినవా?"

"నిఘా గాదు. ఆ దినం నువ్వేడున్నవో తెల్వక నేను సచ్చి బతికిన. ఇయ్యాల నా చేతులతోనే నిన్ను సంపుకునేదాన్ని."

ఆయన ఆమె అరచేతిలోని బండారి కాస్త తీసి నుదుట పెట్టుకున్నాడు.

"ఇంటికి పో. నేనొస్త," అని లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి బిళ్లను దేవుడి పటం ముందు పెట్టింది. అలవాటు చొప్పున ఫోన్ తీసింది. చుక్క డిండోలిలో ఉంది, తన ఇంట్లోనే ఉంది. ఏ చుక్క ఇల్లు చేరాలని రోజూ ఎదురుచూసేదో అది వచ్చేసింది. మనిషి రావడానికి ఇంకా పొద్దూకాలి.

సంధ్యారాణి ఫోన్ లోపలే పెట్టేసి, వాకిట్లోకి వచ్చి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.