గణపతిరావు సీసా

స్పిరిటు దీపం సెగ తగలగానే గణపతిరావు మూత్రం గాజుగొట్టంలో తెల్లగా గడ్డకట్టేసింది.

ఆస్పత్రిలో పరీక్షలు చేసే పద్మకుమారి దీపం పక్కకి జరిపింది. ఎనిమిది నెలలుగా ప్రతి వారం ఆ మూత్రం కాచి చూస్తున్నది ఆమే. ఆపరేషనుకి ముందు ఆయన నూట నలభై కిలోల మనిషి. కాచిన ప్రతిసారీ విరిగిన పాలలా తెలుపు తేలేది. ఒంటి బరువుకి మూత్రపిండాలు అలిసిపోయి ఆల్బుమిన్ అనే మాంసకృత్తు కారిపోతోందని డాక్టర్ ధర్మారావు తేల్చాడు. పట్నంలో సర్జను పేగుల దారి కురచ చేశాక నలభై కిలోలు తగ్గాడు. రెండు నెలలుగా గొట్టంలో వాననీళ్లే. శృంగవరపుకోట బెల్లం కొట్లలో అదే కబురు.

ఇవాళ ఇది.

గొట్టం చూసి డాక్టరు కాగితం, కలం అందుకున్నాడు. ఈ ఆపరేషను కొందరి మూత్రపిండాలకే ఎసరు పెడుతుందని సర్జను ముందే హెచ్చరించాడు.

బయట బల్ల మీద అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. తమ్ముడు జగన్నాధం ఒక్కడే ముప్పాతిక బల్ల ఆక్రమించాడు. ఆయనకీ ఆల్బుమిన్ పోతోంది. అన్నకి నయమైందని తేలితే సోమవారం ఆయనకీ అదే ఆపరేషను.

"పేగులు మళ్లీ మామూలుగా కలిపెయ్యాలి. పది గంటల బస్సుకే బయల్దేరండి," అని బయటికొచ్చి చెప్పి, డాక్టరు అక్కడే సర్జనుకి ఉత్తరం మొదలెట్టాడు.

గణపతిరావు కడుపు మీద చెయ్యి వేసుకున్నాడు. "మళ్లీ కోస్తారా బాబూ? సరే, కోయండి. మా తమ్ముణ్ణి మాత్రం ముట్టుకోకండి."

జగన్నాధం తల దించుకున్నాడు.

లోపల పద్మకుమారి గొట్టం బోర్లించింది. చుక్క కారలేదు. ఆల్బుమిన్ పొరలుగా విరుగుతుంది గానీ ఇలా ముద్దవదు. మూత్రం తెచ్చిన సీసాని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. అడుగున జిగురు తీగలు. ఆదివారం ఆదివారం తన వంటింట్లో చూసేదే.

పరుగున బయటికొచ్చింది. "గణపతిరావుగారూ, ఇంకోసారి పట్టి ఇవ్వండి. ఇక్కడే, ఇప్పుడే."

డాక్టరు కలం ఆగలేదు. వీధి మలుపులో బస్సు హారను మోగింది. కొత్త గొట్టం సెగ మీద బుడబుడలాడింది. ఒక్క తెల్లని నలుసు లేదు. ఎసిటిక్ ఆసిడ్ చుక్క వేసి మళ్లీ కాచింది. వాననీళ్లే.

"ఉత్తరం ఆపండి డాక్టరుగారూ. పొద్దున్న సీసాలో ఉన్నది కోడిగుడ్డు తెల్లసొన."

"మా ఇంట కోడిగుడ్డేటమ్మా?" గణపతిరావు తెల్లబోయాడు. "ఆ పేరెత్తితేనే మా ఆవిడ ఇల్లంతా కడిగిస్తాది."

"ఇంటి నుంచి సీసా తెచ్చిందెవరు?"

అందరి చూపూ ఒకవైపే తిరిగింది. బల్ల కిర్రుమంది.

"నేనే అన్నియ్యా," అన్నాడు జగన్నాధం. "దిష్టి తియ్యాలని సెప్పి కోళ్లు పెంచే దేముడమ్మ దగ్గర గుడ్డు కొన్నాను. మన మూత్రంలో పోయేదీ, గుడ్డు తెల్లసొనలో ఉండేదీ ఒకలాంటిదేనని డాక్టరుగారే గదా సెప్పారు. తెల్లసొనంతా నీ సీసాలో వంపేసినాను. కాగితే రాయైపోతాదని నాకేటి తెలుసు, పుట్టి బుద్ధెరిగి గుడ్డు ఉడకడం సూడనోణ్ణి. నీ కడుపు మీద ఆ కుట్లు సూసిన కాణ్ణించి నాకు కంటిమీద కునుకు లేదు. నీకు వికటించిందంటే నన్నొదిలేస్తారనుకున్నాను. నిన్ను మళ్లీ కోస్తారని అనుకోలేదు, మన అమ్మ తోడు. సోమవారం నన్ను తీసుకెళ్లు, వస్తాను. మత్తు ఎక్కేదాకా నా సెయ్యి మాత్రం ఒదలకు."