సిరిపురపామె గంగాళం

సంఘం పెద్దమనిషిని కలవాలి. బడిలో పాత రిజిస్టరు చూడాలి. పంచాయతీ ఆఫీసులో అడగాలి. ముసలివాళ్ళతో మాట్లాడాలి. నాన్నను పెంచిన అవ్వ పేరు కనుక్కోవాలి. పెత్రమాసకు ముందే భీవండి చేరాలి.

ఈ కాగితం వినీలది. మొన్న దాన్ని నా అంచు మీద పెట్టి, పైకి చదువుకుంటూ ఒక్కొక్కటే కొట్టేసింది. చివరి రెండూ మిగిలాయి.

నేను ఒక రాగి గంగాళాన్ని. ఈ ఊరి పద్మశాలి సంఘం భవనంలో, విరిగిన కుర్చీల వెనక ఉంటున్నాను. ఎన్నో ఏళ్ళు ఈ వీధి పెళ్ళిళ్ళకు నీళ్ళు కాచాను. ఎంత బింకంగా వచ్చిన పెళ్ళికొడుకైనా మొదటి చెంబు పడగానే గెంతేవాడు. టెంట్‌హౌస్ డ్రమ్ములు వచ్చాక నన్నెవరూ పిలవలేదు.

వినీల వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. తండ్రి లింగయ్య పదేళ్ళప్పుడు ఈ ఊరు విడిచి భీవండిలో మరమగ్గాల పనికి పోయాడట. తల్లి లేని ఆయన్ని అంతదాకా సాకింది అవ్వే. ఏటా పెత్రమాసనాడు చనిపోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు ఆమె పేరు అడుగుతాడు. "అవ్వ" అంటాడు లింగయ్య. "అవ్వ అంటే ఎట్లయ్యా? పేరు?" అంటాడు అయ్యగారు. ఆమెను ఎవరూ పేరుతో పిలవగా ఆయన వినలేదు. తన చేతి బియ్యం ఆమెకు ముట్టడం లేదేమోనని ఆయన దిగులు.

రిజిస్టర్లలో అందరూ మగవాళ్ళే ఉన్నారు. చివరికి సత్తవ్వ అనే ముసలామె వినీలను నా దగ్గరికి తీసుకొచ్చింది.

"పేరా? ఎవరికెరుక బిడ్డా! మీ నాయిన అవ్వ సిరిపురం నుంచి ఒచ్చింది, సిరిపురపామె అనేటోళ్ళం. నన్నుగూడ ఆత్మకూరామె అనే అంటరు. నా పేరు మా ముసలోనికే యాదుందో లేదో! గీ గంగాళం మాత్రం ఆమె సంఘానికిచ్చిందే."

"బోళ్ళ మీద పేరు కొట్టిస్తరు గద, నానమ్మా?"

"కొట్టిచ్చినా మొగోని పేరే ఉంటది తియ్యి."

నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. నేను పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. సిరిపురపామె తన పగిలిన రాగి బిందెలన్నీ మూటగట్టుకొని పొరుగూరి కంచరాయన దగ్గరికి ఒక్కతే వచ్చింది. చనిపోయిన భర్త పేరు మీద సంఘానికి నన్ను ఇవ్వాలని ఆమె కోరిక. కంచరాయన నన్ను కొట్టి, నునుపు చేసి, ఉలి పట్టుకున్నాడు.

"మీ ఆయన పేరు చెప్పమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త పేరు ఆడది పలకకూడదు. "గాయనే" అంది. "మా పెద్దోని నాయిన" అంది. వేరే ఊరివాడు, ఆయనకేం తెలుస్తుంది?

"పొద్దు గూకేదాకా గాయనే, గాయనే అంటే నేనేం కొట్టాలమ్మా? నీ పేరన్న చెప్పు!"

ఆమె చెప్పింది. తన పేరు చెప్పకూడదని ఎవరూ అనలేదు కదా. ఆయన చుక్కలు చుక్కలుగా కొట్టి చదివి వినిపించాడు. అక్షరం రాని ఆమె ఆ చుక్కల మీద వేలు పెట్టి, "గిది నేనా?" అంది. ఒక్కో చుక్కనూ తడిమి చూసుకుంది. పొయ్యి మంట, పెళ్ళి పందిళ్ళు, వందల చేతులు చూశాను. అలాంటి స్పర్శ మళ్ళీ ఎరగను.

సంఘం పెద్దలు మాత్రం ముఖం చిట్లించారు. "ఆడామె పేరా?" అని, పేరున్న వైపును మంటకు తిప్పి పెట్టించారు. ప్రతి పెళ్ళీ ఇంత మసి పూసి పోయింది.

మసి కింద ఏ పేరుందో చూద్దామని వినీల చింతపండు తెప్పించింది.

"సదువుకున్నదానివి, నీకేం తోమొస్తది? లే!"

"మా ఇంట్ల బోళ్ళన్నీ నేనే తోముత, నానమ్మా."

ఇద్దరూ తోమారు. మధ్యాహ్నానికి మొదటి చుక్క మెరిసింది. ఆ తర్వాత అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. వినీల కూడబలుక్కొని పైకి చదివింది. సత్తవ్వ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "ఇన్నేండ్లు గీ మసి కిందనే ఉన్నదా తల్లీ!"

వినీల తండ్రికి ఫోన్ చేసి ఆ పేరు చెప్పింది. అవతల మగ్గాల చప్పుడు. ఆయన రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత ఎవరితోనో, "అన్నా, జర మగ్గం బంద్ చెయ్యి, మా అవ్వ పేరు సరిగ్గ ఇననియ్యి" అన్నాడు. చప్పుడు ఆగింది. నెమ్మదిగా, పసివాడు కొత్త మాట పలికినట్టు, ఆయన ఆ పేరు పలికాడు.

చదివేవారికి నా మనవి ఒక్కటే. ఆమె పేరు గజ్జెల అండాలు. మీ పెద్దలను తలుచుకునే రోజున, ఆమెనూ పేరు పెట్టి ఒక్కసారి తలుచుకోండి.