చట్రం దాటిన గీత

ప్రొజెక్టరు వైరును బల్ల కాలికి చుట్టి, యమున మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంజనీరు నరసింగరావు పదవీ విరమణ సభ. ఆయన సర్వీసు విశేషాల బొమ్మలు తెరమీద వరసగా వచ్చేలా సర్దే పని ఆమెది. రాజాం దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి, ఉత్తరాలు టైపు చేసి, ప్రింటరులో ఇరుక్కున్న కాగితాలు లాగి, సాయంత్రం మళ్లీ బస్సెక్కే జూనియర్ అసిస్టెంటు. పొట్టి మనిషి. నుదుటి దగ్గర జుట్టు అప్పుడే పలచబడింది. ఆమె గొంతెత్తడం ఆ ఆఫీసులో ఎవరూ వినలేదు.

ఆ ఉద్యోగం తండ్రి గంగులు పోతే వచ్చింది. ఆనకట్ట దగ్గర గేట్లెత్తే లస్కరు ఆయన. వరద వచ్చిన రాత్రి సమయానికి గేట్లెత్తలేదని, అందుకే పొలాలు మునిగాయని నరసింగరావు రిపోర్టు రాసి సస్పెండు చేయించాడు. "నీరు గేట్ల మీంచి పోనాది. ఎత్తితే ఏటి, దించితే ఏటి?" అని గంగులు కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. సస్పెన్షన్‌లో ఉండగానే, ఓ మధ్యాహ్నం అరుగు మీద పడుకున్నవాడు మరి లేవలేదు.

ఆఫీసుకు ఎవరు కొత్తగా వచ్చినా నరసింగరావు ఆమెను చూపించి, "జాలిపడి నేనే వేయించానండీ" అనేవాడు. యమున తల వంచి టైపు చేస్తూనే ఉండేది.

తర్వాతి బొమ్మ ఆ వరద గ్రాఫు. నీటిమట్టం గీత పైకి పాకి, చట్రం అంచుకు తగిలి మాయమై, కుడివైపు మళ్లీ కిందికి దిగింది. పూర్తిగా పట్టలేదేమో అనుకుని నిలువు కొలత మీద నొక్కింది. గరిష్ఠం అన్న గడిలో గేట్ల ఎత్తు ఎవరో కావాలని వేసి ఉంచారు. తీసేసింది. గీత, 'గేట్ల ఎత్తు' అని రాసి ఉన్న అడ్డగీతను దాటి ఇంకా పైకి లేచి నిలబడింది. దాని కిందే ఇంకో గీత, ఎగువ రిజర్వాయరు నుంచి వదిలిన నీరు. ఊళ్లకు కబురు పెట్టకుండా ఆ నీటిని ఒక్కసారిగా వదిలించింది నరసింగరావే.

అటెండరు దాలమ్మ టీ తెచ్చింది. "ఏటే, అయిపోనాదా? సారు అడుగుతన్నారు."

"అయిపోనాది పిన్నీ. ఒకటి పూర్తిగా అగుపడ్డం లేదు. సరిసేసినాను."

పాత అంకె మళ్లీ వేయడం క్షణం పని. వేయలేదు. నరసింగరావు ఈ గుమ్మం దాటేలోగా ఆ ముఖం చూడాలి.

సభలో నరసింగరావు తెరకు వీపు పెట్టి మాట్లాడుతున్నాడు. "ఆ వరద మన అదుపు దాటలేదు. కింద మనిషి నిర్లక్ష్యం వల్లే..."

సభకు పిలిస్తే వచ్చి ముందు వరసలో కూర్చున్న ఆయకట్టు రైతులు ఆయన్ని చూడడం లేదు. పొలం మునిగిన తిరుమలరావు మెల్లగా లేచాడు. "అదేటి సారూ, గీత గేట్ల మీంచి పోనాది?"

నరసింగరావు వెనక్కి తిరిగాడు. తెరకేసి చూశాడు. "ఎవరు మార్చారిది?"

"నేనేనండీ," అంది యమున. "అంకెలు మీవే. పూర్తిగా అగుపడేలా సేసినాను."

"గంగులు సెప్పినాడు," అన్నాడు తిరుమలరావు పక్కవాళ్లతో. "మనం ఇనలేదు."

నరసింగరావు మెడ మీద చెమట కాలరులోకి జారింది. ఎవరికీ నమస్కారం పెట్టకుండా పక్క తలుపు లోంచి దిగిపోయాడు. కింద జీపు కదిలిన చప్పుడు వినపడింది.

యమునకు జాలి కలగలేదు. ఆయన ఇంకాసేపు నిలబడి ఆ గీతను చూడాల్సింది అనిపించింది. ప్రొజెక్టరు ఆపలేదు.

వేదిక మీద ఆయన కుర్చీలో కొత్త శాలువా, దుకాణం చీటీ ఊడదీయకుండానే, సగం నేలకు జారి ఉంది.