రోడ్డులో పోయిన మంచం

బడ్జెట్ చదివే రోజు పొద్దున్నే ఆ వీధిలో అందరూ సామాన్లు వెనక గదుల్లోకి సర్దుకుంటారు, వానొస్తుందంటే ఆరేసిన బట్టలు తీసినంత మామూలుగా. రోడ్డు వెడల్పు చేస్తామంటూ కొలతల వాళ్ళు ఎప్పుడో ఇళ్ళలోంచి ఒక పసుపు గీత గీసిపోయారు. మంత్రిగారు రోడ్లకు డబ్బు పెంచామని చదవగానే ఆ గీత ఇంకాస్త లోపలికి జరుగుతుంది, తగ్గించామంటే వెనక్కి పోతుంది. అది జరిగేటప్పుడు రోడ్డు వైపు ఏముంటే అది ప్రభుత్వానిదే. ఇక దాన్ని కదపడం ఎవరి తరమూ కాదు. రోడ్డు మాత్రం ఇంతవరకూ అతీగతీ లేదు. కంకర కూడా తోలలేదు.

టైలరమ్మ ఇంట్లో ముందుగది, మధ్యగదిలో సగం అలాగే పోయాయి. ఒక ఏడాది ఆ సమయానికి కునుకు తీస్తున్న అత్తగారు కూడా మంచంతో సహా రోడ్డులో పోయింది. కూర్చుంటుంది, తింటుంది, రేడియో వింటుంది, మంచం మాత్రం దిగలేదు. చాకిరీ అంతా కోడలు టైలరమ్మదే. కొడుకనే మహానుభావుడి సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది.

ఈసారి కోడలు వెళ్ళిపోతోంది. పక్క ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీలో పని, ఉండటానికి గది దొరికాయి. అత్తగారికి అన్నం పెట్టడానికి పక్కింటావిడను ఒప్పించింది. ఆ రోజు గీత అవతల ఎవరూ కాలు పెట్టరు కాబట్టి, సంచీ భుజానికి తగిలించుకుని పెరటి గుమ్మంలోనే నిలబడింది.

"వెళ్ళొస్తా అత్తయ్యా."

"వస్తావా?"

కోడలు సంచీ పట్టీ సర్దుకుంది.

"సర్లే. పోయేముందు ఒక్కసారి జడ వేసి పోవే. పక్కింటావిడ నా తల దువ్వుతుందా ఏమన్నా."

"ఇవాళా? గీత కదిలితే?"

అత్తగారు రేడియో చెవికి ఆనించుకుంది. "ఇంకా పంటల దగ్గరే ఉన్నాడు. రోడ్ల దాకా రావాలంటే బోలెడు టైముంది."

కోడలికి జాలేసింది. ఆ జాలే కొంప ముంచింది. సంచీ గుమ్మంలో దించి, గీత దాటి, మంచం మీద కూర్చుని దువ్వెన అందుకుంది. జడ సగమయ్యేసరికి రేడియో అత్తగారి ఒళ్ళోకి జారింది.

"...జాతీయ రహదారులకు ఈ ఏడాది కేటాయింపులు రెట్టింపు..." బల్లలు చరుస్తున్న చప్పుడు.

గీత నేల మీద పాకుతూ పోయి పెరటి గుమ్మం దగ్గర ఆగింది. కోడలు లేవబోయింది. లేవలేకపోయింది. మంచం పట్టె పట్టుకుని మళ్ళీ ప్రయత్నించింది.

"పంటలన్నారు," అంది చివరికి.

"పంటలు ఎప్పుడో అయిపోయాయే."

"తెలిసే పిలిచారా?"

అత్తగారు వెనక్కి తిరగలేదు. "తెలిసే. ఒక్కదాన్నే ఉండాలంటే భయమేసింది. తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది. వీధి చివర బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఏడుపు తీరాక చూస్తే, అత్తగారు తల కదపకుండా అలాగే కూర్చుని ఉంది. కోడలు మిగిలిన సగం జడ నొప్పి పుట్టేలా బిగించి అల్లింది. అత్తగారు తల ఇంకాస్త వెనక్కి వాల్చింది.