దారానికి అవతల పెళ్ళికొడుకు

అనకాపల్లిలో మనుషులకు రకరకాల పిచ్చులున్నాయి. సినిమా పిచ్చి, క్రికెట్ పిచ్చి, వీధి చివర నిలబడి ఊరి సంగతులు చెప్పుకునే పిచ్చి. సెలవొస్తే బూట్లు బిగించుకుని కొండలెక్కే పిచ్చి మాత్రం 2005 నాటికి ఊరు మొత్తం మీద ఒక్క క్రాంతికుమార్‌కే ఉండేది. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి. ఆ పిచ్చిని తన స్నేహితుడు, ఫోటో స్టూడియో సురేష్ బాబుకి కూడా అంటించాడు.

ఇద్దరూ కలిసి ఒక గురువారం పొద్దున్నే కోటవురట్ల అవతలి కొండలకు బయలుదేరారు. రాత్రికల్లా వచ్చేస్తామన్నారు. శుక్రవారం మధ్యాహ్నమైనా జాడ లేదు. శనివారం పదకొండు గంటలకు క్రాంతికుమార్‌కి, అతను చేసుకోబోయే రోజలిన్‌కి ప్రధానం, అంటే ఉంగరాలు మార్చుకునే నిశ్చితార్థం. ఉంగరాలు కొన్నారు, కార్డులు పంచారు, వంటవాళ్ళు గిన్నెలు దింపారు. పెళ్ళికొడుకు ఒక్కడే లేడు.

పోలీసుల దగ్గరికి వెళ్తే తప్పిపోయినవాళ్ళ ఫోటోలు తెమ్మన్నారు. వీధిలో అందరికీ ఫోటోలు తీసేవాడే తప్పిపోయాడు, స్టూడియోకి తాళం!

రోజలిన్ వాళ్ళ వరండాలో జనం పోగయ్యారు. రోజలిన్ ఎల్‌కేజీ పిల్లల టీచరు, అల్లరి ఆమెకు కొత్త కాదు గానీ, ఇంత మంది పెద్దవాళ్ళు ఒకేసారి మాట్లాడుతుంటే ఎవర్ని బెంచీ ఎక్కించాలో తెలియలేదు.

"పులే. ఇంకేటి కాదు," అంది పక్కింటి లూర్దు మేరీ.

"పులి కాదమ్మా," అన్నాడు షామియానా వెయ్యడానికొచ్చిన అప్పారావు. "అడివిలో ఒక తీగుంటాది. తెలీక తొక్కేడంటే మనిషి తిరిగిన కాడే తిరుగుతాడు. సొక్కా తిరగేసి తొడుక్కుంటే గానీ దోవ కనపడదు. సదువుకున్నోలికి ఇయన్నీ తెల్దు. ఇంతకీ షామియానా వెయ్యమంటారా, వద్దా?"

"నిధి దొరికుంటాది. మొయ్యలేక ఆలస్యమైపోతంది," అంది రోజలిన్ చెల్లెలు షెకీనా. దానికి పదిహేనేళ్ళు, చూసిన సినిమాలు అంతకు నాలుగింతలు.

ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. రోజలిన్ టీ పట్టుకుని బయటికి రాగానే మాత్రం మూలనున్న ఇద్దరు బంధువులు గబుక్కున నోరు మూసుకున్నారు. వాళ్ళేం అనుకుంటున్నారో ఆమెకు తెలుసు. రాత్రంతా ఆమె అనుకున్నదీ అదే. కుర్రాడికి ఈ పెళ్ళి ఇష్టం లేక పారిపోయాడు.

పోయిన ఆదివారం చర్చి మెట్ల మీద క్రాంతికుమార్ అడిగాడు, "పెళ్ళయ్యాక కూడా కొండలెక్కొచ్చా?" అని. "పెళ్ళయ్యాక ఏ కొండా లేదు. కొండకర్ల ఆవకి తీసుకెళ్ళి చెరువు చూపించండి చాలు, పేరులో కొండ ఉందిగా," అంది రోజలిన్. అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు తల్చుకుంటే అతను కాస్త తక్కువ నవ్వాడేమో అనిపిస్తోంది. పులైనా బాగుండునని ఒక్క క్షణం అనుకుని, వెంటనే ప్రభువుని క్షమించమని అడిగింది.

సాయంత్రం ఫోను మోగింది. రోజలిన్ తండ్రి దేవప్రసాద్ రిసీవరు ఎత్తాడు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా ఈల చెవి పక్కనే ఊదుకోవడం వల్ల వినికిడి అంతంత మాత్రం. అవతల ఎవరో ఎస్టీడీ బూతు నుంచి అరుస్తున్నారు.

"హలో! ఎవరూ? గట్టిగా! ఆఁ? గుమ్మడిలోవా? ఏటి సేసేరు?"

ఫోను తెగిపోయింది. దేవప్రసాద్ కుర్చీలో కూలబడ్డాడు.

"మనోళ్ళిద్దరూ కొండ మీద గుమ్మడిలోవనే ఊళ్ళో ఉన్నారంట. కట్టీసేరంట. రేపు సందేల దాకా ఇప్పరంట."

వరండా గొల్లుమంది. "అన్నలే! ఇన్‌ఫార్మర్లనుకుని కట్టీసుంటారు," అన్నాడు ఎవరో. పులి, తీగ, నిధి అన్నీ ఒక్క దెబ్బకు వెనక్కి పోయాయి. లూర్దు మేరీ జపమాల అందుకుంది.

"అక్కా, నవ్వుతున్నావేటే?" అని షెకీనా గుసగుసలాడింది.

రోజలిన్ గబగబా మొహం తుడుచుకుంది. నిజంగానే నవ్వింది. పారిపోలేదు, కట్టేశారు! తాళ్ళతో కట్టేశారంటే రావాలనుకుంటున్నాడనేగా!

మర్నాడు పొద్దున్నే జీపు కట్టించారు. దేవప్రసాద్, పాస్టరయ్యగారు, తుమ్మపాల నుంచి వచ్చిన క్రాంతికుమార్ తల్లి సూర్యకళ, షెకీనా ఎక్కారు. రోజలిన్ పట్టుచీర కట్టుకుని మరీ ఎక్కింది. "అడివిలోకి పట్టుచీరేటమ్మా?" అంటే, "కార్డులో ఈరోజనే వేయించాం కదా నాన్నా," అంది. ఉంగరాల డబ్బా దేవప్రసాద్ జేబులోనే ఉంది, బయట పెట్టడానికి మనసొప్పలేదు.

కొండ కింద జీపు ఆగిపోయింది. అక్కణ్ణుంచి నడక. పట్టుచీర ముళ్ళకు చిక్కుకుంటూ, సూర్యకళ దేవుణ్ణీ కొడుకునీ మార్చి మార్చి తిడుతూ, అందరూ మెల్లగా పైకెక్కారు. డప్పుల మోత వినిపించింది. ఊరి మొదట్లో రెండు చెట్లకు అడ్డంగా ఒక పసుపు దారం, దానికి వేపాకులు. దారానికి ఇవతల రాయి మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. అవతల పనస చెట్టు నీడలో క్రాంతికుమార్, సురేష్ బాబు కాళ్ళు జాపుకుని కబుర్లాడుతున్నారు. ఒంటి మీద ఒక్క తాడు కూడా లేదు.

"ఏటి బాబూ, కట్టీసేరన్నారు?" అన్నాడు దేవప్రసాద్.

"ఈ బాబులు నెంబరు సెప్తే ఫోను సేసింది నానేనండి, నా పేరు కొండన్న," అని ముసలాయన లేచాడు. "కట్టీసింది ఊరినండి, ఈల్లని కాదు. అమ్మోరి పండగ. దారం కట్టేకా లోపలోలు బైటికి ఎల్లరు, బైటోలు లోపలికి రారు. ఈ సందేల అమ్మోరిని సాగనంపి ఇప్పుతారు. ఈలు దాహమని లోపలికొచ్చేరు, అంతలోనే కట్టీసేరు. నాను సంతకెల్లి ఇవతల ఉండిపోనాను."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాస్టరయ్యగారు ముందు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. రోజలిన్ ఒక్కతే నవ్వలేదు. తాళ్ళూ లేవు, తుపాకులూ లేవు. ఉన్నది దారం. ఎల్‌కేజీ పిల్లాడు కూడా వంగి అవతలికి దూకేస్తాడు. ఆ దారం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఇదా మిమ్మల్ని ఆపింది?"

క్రాంతికుమార్ లేచి వచ్చాడు. గడ్డం మాసింది, కళ్ళు ఎర్రబడ్డాయి.

"నిన్న పొద్దున్నే వెళ్ళిపోదామని ఇక్కడి దాకా వచ్చేను రోజలిన్. ఈ ఊరి బుల్లమ్మగారు చూసింది, ఆపలేదు. 'ఎల్తే ఎల్లండి బాబూ, మేవు పండగ మళ్ళీ మొదట్నుంచి సేసుకుంటాం,' అంది. ఊరంతా ఉపాసాలున్నారు. నాకు కాలు రాలేదు. అలాగని ఇక్కణ్ణుంచి కదలబుద్ధీ కాలేదు."

"వీడు రాత్రి కూడా ఈ చెట్టు కిందే పడుకున్నాడు," అని సురేష్ బాబు అందించాడు. "పనసకాయ పడతాదిరా అంటే వినలేదు."

రోజలిన్‌కి ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది గానీ గట్టిగానే వచ్చింది. ఎవరిదో దారం, ఎవరిదో దేవత. ఎవరూ పట్టుకోకపోయినా, వాళ్ళ మాట కోసం దానికి కట్టుబడి నిలబడ్డాడు. ఇలాంటి మనిషి తనకిచ్చిన మాట దాటుతాడని రాత్రంతా ఎలా అనుకుంది!

దేవప్రసాద్ వాచీ చూసుకున్నాడు. "పదకొండవుతోంది. మనకి ముహూర్తాలు లేవు గానీ, కార్డులో వేసిన టైము టైమే. సాయంత్రం దాకా ఆగాలా?"

అప్పుడే అవతల నుంచి బుల్లమ్మ వచ్చింది. కొండన్న భార్య. దారం మీదుగా చెయ్యి చాచి మొగుడికి అంబలి గిన్నె అందించింది. అతను తాగి గిన్నె తిరిగిచ్చాడు. ఇద్దరికీ అది పెద్ద విషయంలా లేదు.

రోజలిన్ కళ్ళు తుడుచుకుంది. "అమ్మా, అంబలి దాటుతోంది కదా. ఉంగరం దాటొచ్చా?"

బుల్లమ్మ కాసేపు ఆలోచించింది. ఊరి పెద్దలవైపు తిరిగి ఏదో అడిగింది. వాళ్ళలో వాళ్ళు నవ్వుకున్నారు.

"సేతులు దాటితే ఏటవదమ్మా. కాళ్ళు దాటకుండా సూసుకోండి."

డప్పులు ఆగాయి. పాస్టరయ్యగారు ఇవతల నిలబడి ప్రార్థన చేశారు. అవతల ఊరు మొత్తం చేతులు కట్టుకుని విన్నది. దారం మీదుగా క్రాంతికుమార్ ఉంగరం తొడిగాడు, రోజలిన్ తొడిగింది. సురేష్ బాబు రీల్లో మిగిలిన ఒకే ఒక్క ఫోటో తీశాడు. ఆ ఫోటోలో ఇద్దరి మధ్యా వేపాకులు స్పష్టంగా పడ్డాయి, సూర్యకళ తల సగమే పడింది. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి, ఇందాకటికంటే జోరుగా.

"ఒక మాట చెప్పాలి," అంది రోజలిన్ మెల్లగా, చెయ్యి వదలకుండానే. "పెళ్ళయ్యాక కూడా కొండలెక్కండి."

"నిజంగానా?"

"నిజంగానే. కాకపోతే ఈసారి మీరిద్దరే తప్పిపోకండి. నన్ను కూడా తీసుకెళ్ళండి."

బుల్లమ్మ దారం మీదుగా ఆమెకీ ఒక గిన్నె అంబలి అందించింది. రోజలిన్ పట్టుచీర కొంగు దోపుకుని, అక్కడే నిలబడి తాగింది.