ముఖం తేటపడ్డాక

స్కూలు బస్సు నడిపే అతన్ని పిల్లలు టమాటా అంకుల్ అనేవారు. ఎదురుగానే అనేవారు, అతనూ పలికేవాడు. బుగ్గలూ ముక్కూ ఎప్పుడూ కందిపోయినట్టుండేవి. దగ్గరికెళ్ళి చూస్తే ముక్కు పక్కల సన్నటి రక్తనాళాలు ఎర్రదారం చిక్కుపడ్డట్టు కనిపించేవి. ఎండపూట ఇంజను సెగకి ఆ ఎరుపు చెవులదాకా పాకేది. అతను మాత్రం మందు చుక్క ముట్టి ఎరగడు. తండ్రి తాగి తాగి పోయాడు. ఆ వాసన తగిలితే చాలు, అతను అక్కణ్ణుంచి లేచిపోయేవాడు.

ఒకరోజు పొద్దున్న, కొత్తగా చేరిన పిల్లాడి తల్లి బస్సు మెట్టెక్కబోతూ అతని ముఖం చూసింది. చటుక్కున పిల్లాణ్ణి వెనక్కి లాక్కుంది.

"తెల్లారకుండానే తాగి బండెక్కావా? ఇంతమంది పసిపిల్లలున్నారు, నీకు భయం లేదూ?"

బస్సు కదలనివ్వలేదు. స్కూలువాళ్ళు వచ్చి అతనిచేత గొట్టంలో ఊదించారు. తాగినట్టు ఏమీ తేలలేదు. అయినా హెడ్ మిస్ట్రెస్ తన గదిలోకి పిలిచి, కూర్చోమనకుండానే చెప్పింది.

"నువ్వు తాగలేదనే అనుకుందాం. కానీ నీ ముఖం చూసి ఎవరు నమ్ముతారు? పోయి అది బాగుచేయించుకో. అప్పుడు చూద్దాం."

అతని భార్య ఒక స్కిన్ క్లినిక్‌లో పని చేసేది. గదులు తుడవడం, తువ్వాళ్ళు ఉతికి మడతలు పెట్టడం ఆమె పని. సంగతి విని, డాక్టరమ్మని బతిమాలి అతన్ని తీసుకెళ్ళింది. డాక్టరమ్మ భూతద్దంతో ముఖమంతా చూసింది.

"ఇది చర్మజబ్బు. లోపలి రక్తనాళాలు ఉబ్బి పైకి తేలాయి. లేజర్ వెలుగుని రక్తంలోని ఎరుపు పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి నాళం లోపల్లోపలే మూసుకుపోతుంది. తర్వాత ఒళ్ళే దాన్ని మెల్లగా కరిగించేసుకుంటుంది. ఒక్కసారితో పోదు, నాలుగైదుసార్లు రావాలి. మళ్ళీ రాదని కూడా నేను మాటివ్వను."

"నొప్పెడుతుందా అమ్మా?"

"రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టుంటుంది. మీసం తీసేసి రండి, లేకపోతే కాలుతుంది."

పెళ్ళికి ముందునుంచీ ఉన్న మీసం తీసేశాడు. కళ్ళకి నల్లటి మూతలు పెట్టి, చల్లగాలి గొట్టం బుగ్గకి ఆనించారు. లేజర్ టక్కుమన్న ప్రతిసారీ సూదిమొనంత నిప్పు చర్మంలోకి దిగినట్టనిపించింది. ముక్కు పక్కన పెట్టినప్పుడు కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. ఇంటికొచ్చేసరికి ముఖం బూరెలా ఉబ్బింది. అక్కడక్కడా నీలంగా కమిలింది. అది తగ్గేదాకా గుమ్మం దాటలేదు. తర్వాత కూడా టోపీ లేకుండా ఎండలోకి పోలేదు, కారం మానేశాడు, టీ చల్లారబెట్టుకుని తాగాడు.

మూడోసారి అయ్యాక ఒకనాడు మంగలిషాపు అద్దంలో తనని తాను చూసుకుని, ఎవరో అనుకుని పక్కకి జరిగాడు. ముక్కు కొసన కాస్త తప్ప ఎరుపు లేదు. ఆ సంతోషంలో తిన్నగా స్కూలుకి నడిచాడు.

హెడ్ మిస్ట్రెస్ అతన్ని చూడగానే లేచి నిలబడింది.

"అబ్బో, మనిషివే మారిపోయావు! చూశావా, మనసు పెడితే ఎంతలో మానేశావో!"

"మొదలుపెడితే కదమ్మా మానేయడానికి. నేను లేజర్ పెట్టించుకున్నాను."

"తాగుడు పోవడానికి లేజర్ ఎక్కడ పెడతారయ్యా?" ఆమె నవ్వింది. పక్కనున్న గుమస్తా కూడా నవ్వాడు. "పోనీలే, పాత సంగతులు తవ్వొద్దు. మళ్ళీ దాని జోలికి పోకు, అంతే."

బస్సు తాళాలు బల్లమీద పెట్టింది. విసిరికొట్టి రావాలనిపించింది. కానీ చెయ్యి చాచి తీసుకున్నాడు.

మర్నాడు ఆ పిల్లాడి తల్లి బస్సు దగ్గర మిగతా తల్లులతో అతనికి వినపడేలాగే అంది, "ఆరోజు నేను నాలుగు తిట్టబట్టే బాగుపడ్డాడు."

ఇంటికొచ్చి ఇదంతా భార్యకి చెప్పాడు. తనతోపాటు ఆమె కూడా తిడుతుందనుకున్నాడు. ఆమె తలెత్తకుండా ఉల్లిపాయ తరుగుతూ, "అననీలే. అయిందేదో అయింది. ఇప్పుడు మానేశావుగా" అంది.

అతను ఆమె ఎదుటికొచ్చి కూర్చున్నాడు. అడిగాడు, "నువ్వు కూడానా?"

"నేనెప్పుడైనా నిన్ను నిలదీశానా?"

"జబ్బని డాక్టరమ్మ నీ ముందే చెప్పింది కదే!"

"చెప్పింది. తాగనివాళ్ళకీ వస్తుందంది. తాగితే ఎక్కువవుతుందని కూడా నాతో విడిగా అంది."

"నా నోరు ఏనాడైనా వాసనొచ్చిందా?"

"మీ నాన్నా యాలకులు నమిలి వచ్చేవాడని మీ అమ్మే చెప్పింది." ఆమె గొంతులో కోపం లేదు. జాలే ఉంది. "ఇప్పుడివన్నీ ఎందుకు? నాకు నువ్వు బాగుంటే చాలు."

ఇన్నేళ్ళ కాపురంలో తను చెయ్యని తప్పుని ఈమె రోజూ క్షమిస్తూ వచ్చిందని అతనికి అప్పుడు తెలిసింది. ఆ తల్లి నలుగురిలో అరిచిన అరుపుకన్నా ఈ మంచితనం ఎక్కువ కాల్చింది.

ముక్కు మీద మిగిలింది తీసేస్తాను రమ్మని డాక్టరమ్మ కబురంపింది. అతను వెళ్ళలేదు. భార్య ఎందుకని అడిగితే "ఉండనీ" అన్నాడు.

బస్సు నడుపుతూనే ఉన్నాడు. సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే ఎప్పటిలాగే ఆమె ఎదురొచ్చి, ముఖంలో ముఖం పెట్టేంత దగ్గరగా నిలబడి మంచినీళ్ళ గ్లాసు అందిస్తుంది. ఆ దగ్గరతనం దేనికో ఇప్పుడతనికి తెలుసు. ఊపిరి బిగబట్టి, మాట్లాడకుండా గ్లాసు అందుకుని పక్కకి తిరిగి తాగుతాడు.